ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారు: ఎండోమెట్రియోసిస్‌లో ముందు ఏది?

తెనాలి దగ్గర ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ వయసు 32, ప్రైవేటు స్కూల్లో టీచరు. పెళ్లయి నాలుగున్నరేళ్లు. మూడేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నారు. భర్త ఆదిలాబాద్ జిల్లాలో బ్యాంకు ఉద్యోగి. రెండో, నాలుగో శనివారాలకు ఇంటికొచ్చి ఆదివారం రాత్రి మళ్లీ బండెక్కుతారు. ఆమెకు నెలసరి 27, 28 రోజులకు తప్పకుండా వస్తుంది. మొదటి రెండు రోజులు మాత్రం క్లాసులో నిలబడలేరు. ఆ రోజుల్లో విరేచనానికి వెళ్తే లోపల పొడిచినట్టుంటుంది. కలయికలోనూ లోతుగా నొప్పి. స్కానింగులో రెండు అండాశయాల్లోనూ చాక్లెట్ సిస్టులు (ఎండోమెట్రియోసిస్ వల్ల పాత రక్తం నిండిన సంచులు) కనిపించాయి: ఎడమవైపు 4.2 సెం.మీ., కుడివైపు 1.8 సెం.మీ. చిన్న ఫాలికిల్స్ (అండాలు పెరిగే సంచులు) ఎడమవైపు 3, కుడివైపు 6. అండాల నిల్వను చెప్పే రక్తపరీక్ష ఏఎంహెచ్ 1.6. సీఏ-125 అనే మరో రక్తపరీక్ష మాత్రం 86 వచ్చింది. ఆ కాగితం చూసిన బంధువొకరు క్యాన్సరేమో అనడంతో వారం రోజులు నిద్రపోలేదట.

ఒక డాక్టరు డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్రలు ఆరు నెలలు వాడి, ఆ తర్వాత ప్రయత్నించమన్నారు. ఆమె రెండు నెలలు వేసుకుని, కాలం వృథా అవుతోందన్న భయంతో మానేశారు. రెండో డాక్టరు ల్యాపరోస్కోపీ (పొట్టలో గొట్టం పెట్టి చేసే ఆపరేషన్) చేసి రెండు సిస్టులూ తీసేద్దామన్నారు. మూడో చోట నేరుగా ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) అన్నారు. 1,90,000 ప్యాకేజీ, ఇంజెక్షన్లు అదనం. చేతిలో ఉన్నది మూడున్నర లక్షలు. భర్తకు ఇంతవరకు ఒక్క పరీక్షా జరగలేదు. "మావాడికేం లోటు? ఒక కాన్పయితే ఆ నొప్పీ అదే పోతుంది" అన్నది అత్తగారి మాట. ఆమె అడిగినవి రెండు: నాకసలు పిల్లలు పుడతారా? ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి?

జవాబు:

ముందు సీఏ-125 సంగతి తేల్చేద్దాం. ఎండోమెట్రియోసిస్ అంటే గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే జబ్బు. ఆ రక్తపరీక్ష అంకె ఈ జబ్బులో సహజంగానే పెరుగుతుంది. నెలసరి సమయంలో ఇస్తే ఇంకా పెరుగుతుంది. చాక్లెట్ సిస్టు ఉన్న మనిషికి 86 రావడం వింతేమీ కాదు. సిస్టు చూడటానికి ఎలా ఉందన్నది స్కానింగులో తేలాలి. లోపల గట్టి ముద్దలు, వాటికి రక్తప్రసరణ ఉన్నాయని స్కాన్ రిపోర్టులో రాయలేదు కాబట్టి ఆ కాగితం ఫైల్లో పెట్టేయండి. ప్రతి రెండు నెలలకూ మళ్లీ చేయించుకోవాల్సిన పరీక్ష కూడా కాదది.

ముగ్గురు డాక్టర్లు మీకు మూడు వేర్వేరు సమస్యలకు మందు చెప్పారు. మొదటివారు చూసింది మీ నొప్పిని. రెండోవారు సిస్టుని. మూడోవారు బిడ్డని. ఎవరూ తప్పు చెప్పలేదు. మీ ఒంట్లో ఈ మూడూ కలిసే ఉన్నాయి కనుక ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు ప్రశ్న. ఈ వరుస ఎందుకు ముఖ్యమంటే, నొప్పికి మందు తర్వాతైనా వాడుకోవచ్చు, సిస్టును తర్వాతైనా తీయొచ్చు, అండాశయంలోంచి పోయిన అండాలు మాత్రం తిరిగి రావు.

పిల్లలు పుడతారా అన్నదానికి: ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో 30 నుంచి 50 శాతం మందికి గర్భం రావడం కష్టమవుతుంది. అంటే మిగతావాళ్లకు మామూలుగానే వస్తోంది. ఏ లోపమూ లేని జంటకు ఒక్కో నెలలో గర్భం వచ్చే అవకాశం 15 నుంచి 20 శాతం ఉంటే, ఈ జబ్బుతో ఇబ్బంది పడుతున్నవాళ్లలో అది 2 నుంచి 10 శాతానికి పడిపోతుంది. తగ్గుతుంది, సున్నా కాదు. తగ్గడానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువే. బయట పెరిగిన ఆ కణజాలం నెలనెలా వాచి, అతుకులు పడి అండాశయాన్నీ ట్యూబునూ ఒకదానికొకటి అంటించేస్తుంది. అప్పుడు విడుదలైన అండాన్ని ట్యూబు అందుకోలేదు. పొత్తికడుపులో ఊరే ఆ వాపు ద్రవం వీర్యకణాలకూ అండానికీ మంచిది కాదు. సిస్టు తన చుట్టూ ఉన్న అండాల నిల్వను తినేస్తుంది. మీ ఎడమవైపు 3, కుడివైపు 6 అన్న లెక్కలో కనిపిస్తున్నది అదే. ఇక నాలుగో కారణం ఎవరూ పైకి చెప్పుకోరు: నొప్పికి భయపడి కలయికే తగ్గిపోవడం.

మీ ఉత్తరంలో ఏ డాక్టరూ చూడని విషయం ఒకటుంది. మీరు పంపిన తేదీలు. 28 రోజుల నెలసరిలో అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి, అండం బతికేది ఒక్క రోజే. కాబట్టి గర్భం రాగల రోజులు దాదాపు 9 నుంచి 14 వరకే. మీవారు రెండో, నాలుగో శనివారాలకు వస్తారు, అంటే పద్నాలుగు రోజులకోసారి. మీ నెలసరి 28 రోజులు. ఈ రెండూ జోడెడ్లలా నడుస్తాయి: ఒకసారి తప్పిన రోజులు వచ్చే నెలా తప్పుతాయి. గత మూడు నెలల్లో ఆయన ఇంట్లో ఉన్నది మీ 5, 6 రోజుల్లోనూ, 19, 20 రోజుల్లోనూ. రెండూ పనికిరాని రోజులే. ఐదు శనివారాలున్న నెల వచ్చినప్పుడు మాత్రం ఎడం 21 రోజులవుతుంది. అప్పుడు ఆయన రాక 12, 13 రోజులకు జరుగుతుంది, ఓ రెండు మూడు నెలలు కలిసొస్తుంది. మళ్లీ ఇంకో ఐదు శనివారాల నెల రాగానే తప్పుతుంది. ఈ లెక్కన మీ మూడేళ్లలో సుమారు సగం నెలలు ప్రయత్నం కిందకే రావు. మిమ్మల్ని పరీక్షించిన ముగ్గురూ "మూడేళ్ల సంతానలేమి" అని రాసుకున్నారు. వచ్చేసారి వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పండి, సలహా మారొచ్చు.

దీన్ని సరిదిద్దడానికి పైసా ఖర్చు లేదు. మీ నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెట్టి 10 నుంచి 14 రోజుల మధ్య ఆయన రెండు రోజులు సెలవు పెట్టగలరేమో చూడండి. మందుల షాపులో దొరికే ఎల్‌హెచ్ స్ట్రిప్పులతో 10వ రోజు నుంచి రోజూ మూత్రం పరీక్షించుకుంటే, రెండు గీతలూ సమానంగా ముదిరిన రోజు నుంచి 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. ఆ రోజూ మర్నాడూ ముఖ్యం. వేసవి సెలవుల్లో మీరే అక్కడికి వెళ్లి ఉంటే ఒకటి రెండు నెలసరులు పూర్తిగా కలిసొస్తాయి. బదిలీకి అర్జీ పెట్టే వీలుంటే అదీ చికిత్సలో భాగమే అనుకోండి.

కలయికలో నొప్పి సంగతి కూడా ఇక్కడే. ఎండోమెట్రియోసిస్ నొప్పి లోతుగా తగిలినప్పుడు వస్తుంది కాబట్టి మీరు పైన ఉండే భంగిమ, లేదా ఇద్దరూ పక్కకు తిరిగి పడుకునే భంగిమలో లోతు మీ చేతిలో ఉంటుంది. ఉమ్మి, మామూలు జెల్లీలు వీర్యకణాల కదలికను మందగింపజేస్తాయి. గర్భం కోసం ప్రయత్నించేవారికని రాసి ఉన్న లూబ్రికెంటు అడగండి. ఈ విషయం మీవారితో ఇంతవరకు మాట్లాడలేదని రాశారు. మాట్లాడండి. ఆయన దీన్ని అయిష్టం అనుకుంటూ ఉండవచ్చు.

ఇక ఆయన పరీక్ష. వీర్య పరీక్ష లేకుండా మీకు ఆపరేషనో ఐవీఎఫో నిర్ణయించడం సగం లెక్క చూసి కూడిక చెప్పడమే. ఖర్చు తక్కువ, అరగంట పని, ఉద్యోగం చేసే ఊళ్లోనో దగ్గరి పట్టణంలోనో చేయించుకోవచ్చు. అత్తగారికి చెప్పి తీరాలన్న నియమం లేదు, ఇది మీ ఇద్దరి మధ్య విషయం. రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఉండి శాంపిల్ ఇవ్వాలి. ల్యాబ్‌లోనే ఇస్తే మంచిది. ఇంటి నుంచి తెస్తే శరీరపు వెచ్చదనం తగ్గకుండా అరగంట, మించితే గంటలోపు చేర్చాలి. గత మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చి ఉంటే చెప్పాలి, లెక్క తగ్గి కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస కొలతలివి: పరిమాణం 1.4 మి.లీ., మి.లీ.కి కోటీ అరవై లక్షల కణాలు, కదిలేవి 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, మామూలు ఆకారం ఉన్నవి 4 శాతం. ఆకారం 4 శాతమే అని రిపోర్టు వస్తే కంగారుపడకండి, అది మామూలే. తేడా వస్తే కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. లెక్క బాగా తక్కువ వస్తే మీ దారి మారిపోతుంది. అప్పుడు సిస్టు తీసినా తీయకపోయినా ఐవీఎఫ్ అవసరం పడొచ్చు, ఆపరేషన్ చేయించుకున్న నెలలు దండగవుతాయి.

మాత్రల సంగతి తొందరగా ముగిద్దాం. డైనోజెస్ట్ 2 మి.గ్రా. రోజూ వేసుకుంటే అండం విడుదల ఆగుతుంది, నొప్పి బాగా తగ్గుతుంది, సిస్టు కొంత చిన్నదవుతుంది. వేసుకున్నంత కాలం సాధారణంగా గర్భం రాదు. ఆపాక వచ్చే అవకాశం వేసుకోకముందు ఉన్నదానికంటే పెరగదు. నెలనెలా వేసే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ల సంగతీ అంతే. యూరప్ సంతాన వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ మాట సూటిగానే చెప్పాయి: గర్భం వచ్చే అవకాశం పెంచడానికని హార్మోన్ మందులు ఇవ్వొద్దు. కాబట్టి బిడ్డే ముందు అనుకుంటే ఆరు నెలల కోర్సు అక్కర్లేదు. మీరు వాడిన రెండు నెలల వల్ల నష్టమేమీ జరగలేదు, ఆపిన నెలా నెలన్నరలో అండాలు మళ్లీ విడుదలవుతాయి. చికిత్స మధ్య ఖాళీ వచ్చి నొప్పి భరించలేకపోతే, లేదా ప్రయత్నాన్ని కొంతకాలం వాయిదా వేస్తే, ఇదే మాత్ర మళ్లీ అక్కరకొస్తుంది.

ఆపరేషన్ దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే వెనక్కి తీసుకోలేని అడుగు ఇదొక్కటే.

చాక్లెట్ సిస్టును సూదితో లాగేస్తే మళ్లీ నిండుతుంది. అందుకే ల్యాపరోస్కోపీలో దాని గోడను అండాశయం నుంచి ఒలిచి తీస్తారు. ఊరికే రంధ్రం చేసి లోపల కాల్చేసి వదిలేయడం కంటే ఇదే మేలు: నొప్పి ఎక్కువకాలం తగ్గి ఉంటుంది, సిస్టు తిరగబెట్టడం తక్కువ, తర్వాత సహజంగా గర్భం రావడం కూడా ఎక్కువ. చిక్కేమిటంటే, సిస్టు గోడకూ అండాశయానికీ మధ్య గీత గీసినట్టు హద్దు ఉండదు. గోడతో పాటు మంచి అండాలున్న పొర కూడా ఊడి వస్తుంది. రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చినప్పుడు ఇంకొన్ని పోతాయి. ఈ ఆపరేషన్ తర్వాత ఏఎంహెచ్ సగటున మూడో వంతుకు పైగా పడిపోతుందని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. కొందరిలో ఏడాదిలోపు కొంత కోలుకుంటుంది. రెండువైపులా తీస్తే నష్టం ఎక్కువ. నూటికి ఇద్దరు ముగ్గురికి అండాశయాలే ముందుగా ఆగిపోతాయి. మీ 1.6లోంచి మూడో వంతు తీసేస్తే దాదాపు ఒకటి మిగులుతుంది. తర్వాత ఐవీఎఫ్‌కు వెళ్తే చేతికొచ్చే అండాలు ఆ మేరకు తగ్గుతాయి.

అలాగని ఆపరేషన్ చెడ్డదేమీ కాదు. సిస్టులు లేని తేలికపాటి దశల్లో అది గర్భానికి మేలు చేస్తుందనడానికి మంచి రుజువుంది. కెనడాలో 341 మందిపై చేసిన పరీక్ష 1997లో వెలువడింది. ఎండోమెట్రియోసిస్ మచ్చలు తీసేసినవాళ్లలో 36 వారాల్లో 30.7 శాతం మందికి, ఊరికే లోపల చూసి వదిలేసినవాళ్లలో 17.7 శాతం మందికి గర్భం వచ్చింది. మీది ఆ దశ కాదు. ఆపరేషన్ బల్ల మీద వేసే పాయింట్ల ప్రకారం 3 సెం.మీ. దాటిన లోతైన సిస్టుకు 20, 1 నుంచి 3 సెం.మీ. ఉన్నదానికి 16. మీ రెండూ కలిపితేనే 36, అంటే మూడో దశ. అతుకులు తోడై 40 దాటితే నాలుగు. ఆ అంకె విని భయపడకండి. దశ ఎక్కువైతే నొప్పి ఎక్కువనీ పిల్లలు పుట్టరనీ లేదు. అది కంటికి కనిపించే వ్యాప్తిని కొలిచే లెక్క మాత్రమే.

మీ విషయంలో ఆపరేషన్ చేయించేట్టయితే ముందే తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి. కుడివైపు 1.8 సెం.మీ. సిస్టును ఎందుకు ముట్టుకోవాలి అని అడగండి. 3 సెం.మీ. లోపు వాటిని సాధారణంగా వదిలేస్తారు. పైగా మీ మంచి అండాశయం అదే. రెండోది, విరేచనంలో వచ్చే ఆ పొడుపు. నెలసరిలో మాత్రమే వచ్చే అలాంటి నొప్పి, పెద్దపేగు దగ్గర లోతైన గడ్డ ఉందేమో అన్న అనుమానానికి తావిస్తుంది. మామూలు స్కాన్‌లో అది తప్పిపోతుంది. పొత్తికడుపు ఎంఆర్‌ఐ గానీ, ఎండోమెట్రియోసిస్ చూడటంలో అనుభవం ఉన్నవారు చేసే ట్రాన్స్‌వెజైనల్ స్కాన్ గానీ ముందే కావాలి. ఇది తెలియకుండా పొట్టలో గొట్టం పెడితే జరిగేది ఏమిటంటే, పేగుకు అంటుకున్న గడ్డ కనిపిస్తుంది, పేగుల సర్జన్ పక్కన ఉండరు, చేయగలిగినంత చేసి మూసేస్తారు, ఏడాదిలో రెండో ఆపరేషన్. రెండోసారి చేస్తే అండాశయానికి దెబ్బ ఇంకా ఎక్కువ, గర్భానికి లాభం మాత్రం మొదటిసారి అంత ఉండదు. అందుకే ఈ జబ్బులో ఆపరేషన్ జీవితంలో ఒక్కసారి, బాగా చేయించుకోవాలన్నట్టుగా ఉండాలి. మీ సర్జన్ ఇలాంటివి ఏటా ఎన్ని చేస్తారు, పేగుల సర్జన్ ఉంటారా, రక్తం ఆపడానికి కుట్లు వేస్తారా, కాలుస్తారా, ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో అప్పుడే రంగు ఎక్కించి చూస్తారా, వీడియో ఇస్తారా అని అడగడంలో మొహమాటం వద్దు.

ఆపరేషన్ తర్వాత మొదటి ఆరు నెలల నుంచి ఏడాది వరకు సహజ ప్రయత్నానికి మంచి కాలం. ఆ కాలంలో కూడా మీవారు రెండో, నాలుగో శనివారాలకే వస్తే ఆపరేషన్ ఫలం సగం గాలికిపోయినట్టే. చేసిన డాక్టరును ఈఎఫ్‌ఐ స్కోరు అడగండి. వయసు, ప్రయత్నించిన ఏళ్లు, అంతకుముందు గర్భం వచ్చిందా, ట్యూబులూ అండాశయాలూ ఎంత పనిచేసేలా ఉన్నాయి అన్నవి కలిపి 0 నుంచి 10 వరకు వేస్తారు. 7 పైన ఉంటే కొన్నాళ్లు ఇంట్లోనే ప్రయత్నించడంలో అర్థముంది. 3, 4 ఉంటే ఆగడం వల్ల ఒరిగేది తక్కువ.

ఐయూఐ గురించి మీకెవరూ చెప్పలేదు, చెప్పకపోవడంలో పెద్ద తప్పు లేదు. లెట్రోజోల్ మాత్రలిచ్చి, ఫాలికిల్ 18 నుంచి 20 మి.మీ. పెరిగాక అండం విడుదలయ్యేందుకు ట్రిగర్ ఇంజెక్షన్ వేసి, శుభ్రపరచిన వీర్యకణాలను సుమారు 36 గంటలకు గర్భసంచిలోకి ఎక్కిస్తారు. తేలిక దశల్లో ఇది మంచి మెట్టే. మీ దశలో లాభం ఎంతన్నది సందేహం. కనీసం ఒక ట్యూబైనా తెరిచి ఉండాలి కాబట్టి ముందు హెచ్‌ఎస్‌జీ (రంగు ఎక్కించి తీసే ట్యూబుల ఎక్స్‌రే) చేయించాలి. అది నెలసరి 7 నుంచి 10 రోజుల మధ్య చేస్తారు. చాక్లెట్ సిస్టు ఉందని చెప్పి, ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ అడగండి. అయితే మీకు ఐయూఐలో ఒక సౌలభ్యం ఉంది: మీవారి వీర్యాన్ని ముందే ఫ్రీజ్ చేసి ఉంచితే ఆ రోజు ఆయన ఊళ్లో లేకపోయినా నడుస్తుంది. మూడు నాలుగు సార్లకు మించి వెళ్లకండి.

ఐవీఎఫ్‌కు వస్తే, ఎండోమెట్రియోసిస్ అడ్డుపెట్టే దారినే అది దాటేస్తుంది. అతుకులు, ట్యూబు, వాపు ద్రవం ఏవీ లెక్కలోకి రావు. నెలసరి రెండో రోజు స్కాన్ చేసి ఇంజెక్షన్లు మొదలుపెడతారు. 9 నుంచి 12 రోజులు రోజూ పొట్టకు. ఐదారు రోజులయ్యాక, అండాలు ముందే జారిపోకుండా మరో ఇంజెక్షన్ తోడవుతుంది. పెద్ద ఫాలికిల్స్ 17, 18 మి.మీ. దాటాక ట్రిగర్. అది వేసిన 35, 36 గంటలకు మత్తిచ్చి పదిహేను ఇరవై నిమిషాల్లో అండాలు తీస్తారు. ట్రిగర్ చెప్పిన నిమిషానికే పడాలి. రాత్రి పదింటికి అంటే పదింటికే. బస్సులో ఉన్నామని గంట ఆలస్యం చేస్తే తీసే సమయం తారుమారవుతుంది.

చాక్లెట్ సిస్టు ఉన్నవాళ్లకు ఇక్కడ రెండు జాగ్రత్తలు. అండాలు తీసేటప్పుడు సూది సిస్టులోకి వెళ్లకూడదు. వెళ్తే ఆ పాత రక్తంలో సూక్ష్మజీవులు పెరిగి చీము పట్టే ప్రమాదముంది. అందుకే యాంటీబయాటిక్ ముందే ఇస్తారు. ఆ తర్వాత రోజుల్లో చలిజ్వరం, ఒకవైపు నొప్పి వస్తే ఆగకుండా వెళ్లాలి. రెండోది: ఐవీఎఫ్ ఫలితం పెరగాలని సిస్టును ముందు తీయించడం మామూలుగా అక్కర్లేదు. 2022 మార్గదర్శకాలూ అదే అన్నాయి. సిస్టు అండాలకు అడ్డంగా ఉండి సూది చేరకపోతేనో, నొప్పి భరించలేకపోతేనో, దాని రూపం మీద అనుమానం ఉంటేనో తీస్తారు.

మీ ఏఎంహెచ్ చూసి ఎనిమిది అండాలు వచ్చాయనుకోండి. ఆరు పక్వమైనవి ఉంటాయి, నాలుగు ఫలదీకరణ అవుతాయి, ఐదో రోజు దాకా నిలిచేవి రెండు. ప్రతి మెట్టులో ఇలా తగ్గడం మామూలే, ఎక్కడా పొరపాటు జరిగిందని అనుకోకండి. ఒక పిండం పెడితే బిడ్డ పుట్టే అవకాశం, బ్రిటన్‌లో ఈ చికిత్సలను పర్యవేక్షించే సంస్థ లెక్కల్లో, 35 లోపు వయసువారికి కూడా సుమారు మూడింట ఒక వంతే. "గ్యారంటీ" అన్న మాట వినిపిస్తే ఆ గదిలోంచి లేచి రండి. ప్యాకేజీలో ఏవేవి లేవో కాగితం మీద రాయించుకోండి: ఇంజెక్షన్లు, మత్తు, ఐదో రోజు దాకా పెంచడం, పిండాలు ఫ్రీజ్ చేయడం, ఏటా నిల్వ రుసుం, తర్వాతి నెలల్లో పిండం పెట్టడం. 1,90,000 అన్నది ఇవన్నీ కలిసేసరికి మీ మూడున్నర లక్షల దగ్గరికి రావచ్చు. అంటే మీకు దాదాపు ఒక ప్రయత్నానికే డబ్బుంది. ఆ ఒక్కటి ఎప్పుడు వాడుకోవాలన్నది అందుకే ఆలోచించాలి. 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం కేంద్రం రిజిస్టరై ఉండాలి, సర్టిఫికెట్ చూపించమనండి. మీ ఇద్దరి రాతపూర్వక అంగీకారం లేకుండా ఏదీ చేయకూడదు.

ఇప్పుడు మీ దారులు. వచ్చే నెలలో వీర్య పరీక్ష, ఎంఆర్‌ఐ, ట్యూబుల పరీక్ష చేయించి, అన్నీ బాగుంటే నాలుగు నుంచి ఆరు నెలలు తేదీలు కుదిర్చి ఇంట్లోనే ప్రయత్నించడం ఒకటి. 32 ఏళ్లకు ఆరు నెలలు పోతే కొంప మునగదు. ఏఎంహెచ్ తక్కువని సహజంగా గర్భం రాదనేమీ లేదు, ఐవీఎఫ్‌లో ఎన్ని అండాలు వస్తాయో మాత్రమే అది చెబుతుంది. ఇందులో నష్టం, ఆ ఆరు నెలలూ నొప్పి భరించాలి, సిస్టు కొంత పెరగొచ్చు. మధ్యలో మూడు నెలలకోసారి స్కాన్ చాలు.

నొప్పి మిమ్మల్ని ఉద్యోగం మానేసే స్థితికి తెచ్చినా, పేగు దగ్గర గడ్డ పెద్దగా తేలినా, ఆపరేషన్ ముందుకొస్తుంది. అప్పుడైనా ఎడమవైపు మాత్రమే, అన్నీ చేయగల బృందంతో. డబ్బు కుదిరితే అంతకుముందే ఒకసారి అండాలు తీసి పిండాలుగా ఫ్రీజ్ చేసుకుంటే ఆపరేషన్‌లో అండాశయం దెబ్బతిన్నా మీ చేతిలో కొన్ని ఉంటాయి. చట్టం ప్రకారం పదేళ్ల దాకా ఉంచుకోవచ్చు. ఇది అన్నింటికంటే ఖరీదైన వరుస. మీ నిల్వ సొమ్ము మొత్తం పోతుంది, పైన అప్పు కూడా పడొచ్చు.

వీర్య పరీక్షలో తేడా వచ్చినా, ట్యూబులు రెండూ మూసుకున్నా, ఆలస్యం చేయకుండా ఐవీఎఫ్. ట్యూబు నీరు నిండి ఉబ్బి ఉంటే మాత్రం పిండం పెట్టేముందు ఆ ట్యూబును తీయడమో క్లిప్ వేయడమో చేయాలి. ఆ నీరు గర్భసంచిలోకి కారి ఫలితాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది.

నా మొగ్గు మొదటి దారి వైపే, అదీ మీ తేదీల వల్ల. మూడేళ్లు సరిగ్గా ప్రయత్నించినా రాలేదని ఉంటే మూడో డాక్టరు మాటే బలంగా చెప్పేవాళ్లం.

అత్తగారి మాటలో కొంత నిజముంది: గర్భంలో, పాలిచ్చే కాలంలో నెలసరి ఉండదు కాబట్టి నొప్పి తగ్గుతుంది. జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది, నెలసరి మొదలయ్యాక చాలామందిలో తిరిగొస్తుంది. మందుగా బిడ్డను కనలేం. ఆవిడతో వాదించే పని మీవారికి అప్పగించండి.

ఈలోగా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. థైరాయిడ్ పరీక్ష ఒకసారి. నెలసరి నొప్పికి మెఫినమిక్ యాసిడ్ మాత్రలు మొదటి రెండు మూడు రోజులు వేసుకోవచ్చు. అండం విడుదలయ్యే రోజుల్లో మాత్రం ఈ రకం నొప్పి మాత్రలు వద్దు, అండం పగలడాన్ని ఆపగలవు. అప్పుడు పారాసిటమాల్ చాలు. సిస్టు కరిగిస్తామనే పొడులూ కషాయాలూ ఏం కలిపారో తెలియకుండా గర్భం కోసం ప్రయత్నించే నెలల్లో వేసుకోకండి. ఉన్నట్టుండి ఒకవైపు భరించలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడిందో సిస్టు పగిలిందో చూడాలి. అది తెల్లారేదాకా ఆగే పని కాదు.

నెల తప్పితే రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భ నిర్ధారణ పరీక్ష) చూపించుకుని, ఆరు ఏడు వారాల మధ్య స్కాన్ తప్పనిసరిగా చేయించండి. గర్భం ట్యూబులో నిలిచే ప్రమాదం మీలాంటి వాళ్లలో కాస్త ఎక్కువ. ఐదో నెల స్కాన్‌లో మాయ కిందికి ఉందేమో ప్రత్యేకంగా చూడమనండి. అంతకంటే ముందు, స్కాన్ చేసే ప్రతి డాక్టరుకూ పాత రిపోర్టు చూపించి మీకు చాక్లెట్ సిస్టులున్నాయని చెప్పండి. గర్భంలో హార్మోన్ల వల్ల ఆ సిస్టు లోపలి గోడ దళసరెక్కి, రక్తప్రసరణ పెరిగి, చూడటానికి క్యాన్సర్ గడ్డలా కనిపించవచ్చు. సంగతి తెలిసినవారు రెండు మూడు వారాలకోసారి స్కాన్ చేసి గమనిస్తారు. తెలియనివారు గర్భంతో ఉన్న మనిషిని ఆపరేషన్‌కు తొందరపెడతారు.